అద్దెకు పోయిన తీగ

పోయిన వారం గవిగట్టు జయన్న ఆదోని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి గేటు ముందు నిలబడి, డ్యూటీ దిగి బయటికి వస్తున్న ఆపరేటరు అంబాబాయిని చూసి, "నా బసమ్మను నువ్వే సంపితివి గదమ్మా" అన్నాడు.

బసమ్మ జయన్న పెళ్ళాం. అంత మాట అనడానికి ముందు అతనికీ అంబాబాయికీ మధ్య రెండేళ్ళ చనువు ఉంది. ఆదోని మీదుగా పోయే రైలుపట్టాల పక్కన స్తంభాల మీద రైలువాళ్ళ టెలిఫోన్ తీగలు సాగిపోతుంటాయి. వాటిలో ఒక జత ఏ పనికీ లేకుండా మిగిలి ఉంటే, దాన్ని టెలిఫోన్ శాఖకు అద్దెకిచ్చారు. ఆ తీగతో గవిగట్టు హాల్టు వరండాలో ఒక ఫోను వెలిసింది. స్టేషన్ మాస్టరు కూడా లేని హాల్టు అది. కమిషన్ మీద టికెట్లిచ్చే గిడ్డయ్య తప్ప అక్కడ వేరే మనిషి ఉండడు. ఆ ఫోను పిడి తిప్పితే ఆదోనిలో అంబాబాయి కూర్చునే బోర్డు దగ్గర గంట మోగేది. మార్కెట్టులో పత్తి ధర ఎంత పలుకుతోందని అడిగేవాళ్ళు, ఆస్పత్రి జీపును పిలవమనేవాళ్ళు. ఆమె అందరికీ పలికేది. గవిగట్టు వాళ్ళు ఆదోనికి వస్తే ఎక్స్‌ఛేంజి గేటు దగ్గర ఆగి, ఆమె చేతిలో ఇన్ని అలసందకాయలు పోసి పోయేవాళ్ళు.

ఆరుద్ర కార్తె పోయి, పత్తి పగిలే కాలం వచ్చేసరికి ఆ గంట మోగడం ఆగిపోయింది. "గాలికి స్తంభాలు పడినాయక్కా. బాగు చేస్తాండాము" అన్నాడు ఆమె తమ్ముడు మధుసూదనరావు. ఆ రైలు తీగలను చూసుకునే ఇన్‌స్పెక్టరు అతనే. అంబాబాయి మళ్ళీ అడగలేదు.

జయన్న మాట విని ఆమె చుట్టూ చూసింది. గేటు పక్కనున్న టీ బంకు వాడు తల బయటికి పెట్టి చూస్తున్నాడు. ఆమె జయన్నను గోడ పక్క నీడకు తీసుకుపోయింది.

"బసమ్మకేమైంది జయన్నా? నాకేమీ తెలీదు."

"ఉరుకుందప్ప మిల్లు పత్తికి కూలికి పాయ. పత్తి కుక్కిన బోరాలేసిన ట్రాలీ మీద ఆడోళ్ళను ఎక్కించుకోని వస్తాంటే, వంక కాడ ట్రాక్టరు బోల్తా పడె. మారెమ్మకు కాలిరిగె. బసమ్మ అడుగున పడిపాయ. మేం బోరాలు తీసేసరికి పానం ఉండాది. మాట్లాడతాండాది. నేను హాల్టుకు ఉరికి ఫోను తిప్పితి. నువ్వు పలికితివి."

"నేను పలకలేదు. ఆ లైను నా బోర్డుకు వచ్చి ఎన్నాళ్ళో అయింది."

"పలికితివమ్మా!" జయన్న గొంతు ఒక్కసారి లేచింది. "రెండేండ్లు ఇన్న గొంతు నాకు తెలీదా? 'ఈ లైను మీది కాదు, పెట్టేయండి. బొంబాయి రేటు రావాల' అంటివి. నేను జీపు జీపని మొత్తుకుంటాంటే పెట్టేస్తివి. మళ్ళ తిప్పితి. ఈసారి ఎవురో ఎత్తినారు, మాట్లాడల్యా. ఊపిరి మాత్రం ఇనపడె. అంతలోకే తెగిపాయ. బండి కట్టుకోని రోడ్డుకు తెస్తాంటే దావలోనే పాయ నా బసమ్మ."

అంబాబాయి గోడకు చెయ్యి ఆనించింది. బొంబాయి రేటు అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. ఎక్స్‌ఛేంజిలో ఆ మాట ఎవరూ అనరు. అనేది పత్తి మిల్లులో.

ఆమె చెల్లెలు కృష్ణాబాయి ఉరుకుందప్ప జిన్నింగు మిల్లు ఆఫీసులో పని చేస్తోంది. టైపు కొట్టే పని అని చెప్పి తమ్ముడే ఇప్పించాడు. అక్కచెల్లెళ్ళ గొంతులు ఒక్కటేనని చిన్నప్పటి నుంచీ అందరూ అనే మాట. తలుపవతల నుంచి పలికితే మధుసూదనరావే పోల్చుకోలేకపోయేవాడు.

"రేపు నేను గవిగట్టుకు వస్తాను. ఆ ఫోను నా చేత్తో తిప్పి చూస్తాను" అంది.

"ఫోను పెట్టెకు తాళమేసినారు. ఆ పొద్దు నేను రాయితో పగలగొడితి. దానికి నా మీద కేసు పెట్టినారు మిల్లోళ్ళు" అని జయన్న తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "నేనూ పెట్టితి. నీ మీద."

మరుసటి రోజు పొద్దున ప్యాసింజరులో ఆమె గవిగట్టులో దిగింది. పట్టాలకు రెండు పక్కలా ఏరేసిన పత్తి చేలు బోసిగా ఉన్నాయి. హాల్టుకు అవతల ముళ్ళకంచె వేసిన ఖాళీ స్థలంలో ఉరుకుందప్ప కొనుగోలు యార్డు ఉంది. బోరాలు మనిషెత్తుకు పైగా పేర్చారు. జయన్న, అతని వెనక నలుగురైదుగురు ఊరివాళ్ళు వరండాలో ఆమె కోసం కూర్చుని ఉన్నారు. ఎవరూ లేచి పలకరించలేదు.

గిడ్డయ్యే నోరు విప్పాడు. "ఆ ఫోను ఇప్పుడు ఉరుకుందప్పదమ్మా. యార్డులో గుమాస్తా వస్తాడు, మిల్లుతో మాట్లాడతాడు, పోతాడు. యార్డులోకి తీగ లాగేదాకా ఈడ్నే ఉంటాది అన్నారు. ఊరోళ్ళను ముట్టుకోవద్దని నాకు సెప్పినారు. ఏమిటికని నేను అడగల్యా."

"అడగకుంటే ఏం? మాకు అర్థమైపాయలే" అన్నాడొక ముసలాయన. "నువ్వు పలికేటప్పుడు ఆదోని ధర తెలిసి మాట్లాడేటోళ్ళం. ఫోను పొయినాక గుమాస్తా సెప్పిందే ధర."

అంబాబాయి పెట్టె తలుపు తీసింది. విరిగిన గొళ్ళేనికి తాడు కట్టి ఉంది. రెండేళ్ళు తను అవతలి వైపు నుంచి విన్న ఫోను ఇది. దీన్ని చూడడం అదే మొదటిసారి. రిసీవరు చెవికి పెట్టుకుని పిడి తిప్పింది. ఎవరో మగ గొంతు పలకాలని మనసులో కోరుకుంది. గుమాస్తా, జవాను, ఎవరైనా సరే.

"హలో, మిల్లు ఆఫీసు. రేటు ఇంకా రాలేదండి, కాసేపాగి తిప్పండి."

అంబాబాయి రిసీవరును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"హలో? ఎవరది? గుమాస్తాగారు కాదా? ఈ లైను వేరేవాళ్ళు వాడకూడదు."

"కిట్టీ" అంది అంబాబాయి.

అవతల ఏదో కింద పడిన చప్పుడైంది. "అక్కా? నువ్వెక్కడున్నావు? అక్కా, యాడ నుంచి మాట్లాడతాండావు?"

జయన్న ఎప్పుడు పక్కకు వచ్చాడో ఆమె చూసుకోలేదు. ఆమె చేతిలో నుంచి రిసీవరు మెల్లగా తీసుకుని చెవికి పెట్టుకున్నాడు. అవతల ఆ గొంతు ఇంకా అక్కా, అక్కా అంటూనే ఉంది. అతను కదలకుండా విన్నాడు. విన్నంతసేపు విని, దాన్ని కొక్కేనికి తగిలించాడు.

"నీ సెల్లెలా?"

ఆమె తలూపింది. వెనకున్న ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిన్ను అన్యాయంగా అంటినమ్మా" అన్నాడు జయన్న. ఆ మాటలో ఊరట లేదు. ఆమె మీద పెట్టుకున్న కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా ఉన్నాడు.

"జయన్నా, ఒక్కరోజు ఆగు. నేను ఇంటికి పోయి అడుగుతాను. అది పసిది. ఎవరు చెప్పి చేయించినారో తెలుసుకుంటాను. ఆ తర్వాత నువ్వేం చేసినా నేను అడ్డం రాను."

"నా బసమ్మకు ఒక్క గంట దొరకల్యా" అన్నాడతను. ఇక అక్కడ నిలబడలేదు. ఊరవతల ప్రార్థన గుడిసె వెనక బసమ్మను కొత్తగా పూడ్చిన చోటు వైపు నడిచిపోయాడు.

సాయంత్రం అంబాబాయి ఇల్లు చేరేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. తమ ఇంట్లో వెలగలేదు. పడసాలలో కృష్ణాబాయి మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. మధుసూదనరావు కుర్చీలో ఉన్నాడు. మామూలుగా శనివారం గానీ గుంతకల్లు నుంచి రాడు. చెల్లెలు కబురు పెట్టినట్టుంది.

తండ్రి పోయినప్పుడు మధుకు హైస్కూలు చదువు, కిట్టికి అప్పుడప్పుడే మాటలు. అప్పటి నుంచి ఈ ఇంటికి పెద్ద అంబాబాయే. బోర్డు ముందు కూర్చుని ఎన్ని వేల గొంతులను కలిపిందో గానీ, తనకు వచ్చిన సంబంధాలన్నీ ఒకటొకటిగా తెగిపోనిచ్చింది. దాని గురించి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. ఈ పూట గడప దాటుతూ మొదటిసారి బాధపడింది.

లైటు వేసి, చెప్పులు కూడా విడవకుండా అడిగింది. "స్తంభాలు పడినాయని చెప్తివే మధూ. ఏ స్తంభం పడింది?"

అతను సిద్ధంగానే ఉన్నాడు. "టెలిఫోన్ వాళ్ళ గడువు అయిపోయిందక్కా. మిగులు తీగను ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్ళకు ఇయ్యొచ్చని పైనుంచే వచ్చింది. ఉరుకుందప్ప అడిగినాడు, ఇచ్చినాము. నేను దొంగతనం చేయలేదు."

"దొంగతనం కాకపోతే నాకు అబద్ధమెందుకు చెప్తివి?"

"నువ్వు ఒప్పుకోవు గనక. ఊరివాళ్ళని వెంటబెట్టుకుని గుంతకల్లుకు వచ్చి అర్జీలు పెడతావు గనక. నాకు ఉద్యోగంలో ముఖం చెల్లొద్దా?"

"ఊరికి చెప్పినారా? ఈ ఫోను ఇంక మీది కాదు, ఆస్పత్రికి పోదు అని ఒక్కరితోనైనా అన్నారా?"

"ఫోను తీసేయించాల్సింది. యార్డుకు తీగ లాగే పని ఆలస్యమైంది. ఉరుకుందప్ప అంతవరకూ ఉంచమన్నాడు. సరే అన్నాను."

"దానికి బదులు కిట్టికి ఉద్యోగం."

అంబాబాయి చెల్లెలి ముందు నేల మీద కూర్చుంది. కిట్టి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఏం జరిగింది చెప్పు. ఏదీ దాచకు."

"ఒక చెవిలో బొంబాయి ట్రంకు కాలక్కా" అంది కృష్ణాబాయి. "అప్పుడే కలిసింది. ఉరుకుందప్ప నెత్తి మీదే నిలబడినాడు. ఇంకో ఫోను మోగితే తీసినాను. ఎవరో అరుస్తాండారు. ట్రాలీ అన్నారు, జీపు అన్నారు. ఊరివాళ్ళు ఎవరు తిప్పినా లైను మీది కాదని చెప్పి పెట్టేయమని నాకు మొదటిరోజే చెప్పినారు. అట్లే చెప్పి పెట్టేసినాను. నోటికి అలవాటైపోయిందక్కా. పెట్టేసినాక అర్థమైంది. ఉరుకుందప్పతో చెప్పినాను. మన ట్రాలీ అంట, ఎవరో అడుగున పడినారంట అని."

"ఏమన్నాడు?"

"పత్తి వంకలో తడిసిందేమో కనుక్కో అన్నాడు."

పక్కింట్లో రేడియో వార్తలు మొదలయ్యాయి.

"మళ్ళీ మోగింది కదా. జయన్న చెప్పినాడు. ఎవరో తీసి ఊరకే ఉన్నారంట. అప్పుడన్నా ఒక్క మాట అనలేకపోతివా కిట్టీ? ఆస్పత్రి మీ మిల్లుకు ఎంత దూరం? జవానును పంపినా సరిపోయేది."

కృష్ణాబాయి తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది. "అప్పుడు నేను తీయలేదక్కా. అన్నయ్య తీసినాడు."

అంబాబాయి తమ్ముడి వైపు తిరిగింది.

"కొత్త లైను ఎట్లా పని చేస్తాందో చూసిపోదామని వచ్చినాను ఆ రోజు" అన్నాడతను. మొదట ఉన్న నిబ్బరం గొంతులో లేదు. "రేటు చెప్తాండారు, మాటిమాటికీ గంట మోగుతాంది. ఉరుకుందప్ప విసుక్కుంటాండాడు. నేను ఎత్తినాను."

"అరుపులు వినపడినాయా?"

"వినపడినాయి."

"తర్వాత?"

"గోడ మీద తీగ ఊడదీసినాను. రేటు విని మళ్ళీ తగిలిద్దాములే అనుకున్నాను. ఐదు నిమిషాలే కదా అనుకున్నానక్కా. ఆ మనిషి చచ్చిపోతుందని నాకేం తెలుసు?"

అంబాబాయికి అతన్ని కొట్టాలనిపించింది. చిన్నప్పుడు కూడా ఎన్నడూ కొట్టలేదు. చెయ్యి లేచింది గానీ, కొంగు సర్దుకుని ఊరుకుంది. ఇప్పుడు కొడితే ఏడుస్తాడు. ఏడిస్తే తనకు జాలి వస్తుంది. ఆ జాలి రాకూడదు.

"రేపు పొద్దున్నే ముగ్గురమూ పోలీసు స్టేషన్‌కు పోదాం" అంది. "జరిగింది జరిగినట్టు చెప్దాం. ఉరుకుందప్ప ఏమన్నాడో అదీ చెప్దాం. కిట్టి తెలియక చేసింది, ఆ సంగతీ చెప్దాం."

మధుసూదనరావు లేచి కిటికీ దగ్గరికి పోయాడు. "అట్లా కుదరదక్కా."

"ఎందుకు కుదరదు?"

"నిన్న పోలీసులు నన్ను అడిగినారు. ఆ రోజు లైను ఎవరి అధీనంలో ఉందని." వీధి వైపు చూస్తూనే మాట్లాడుతున్నాడు. "ఉరుకుందప్ప పక్కనే కూర్చున్నాడు. కిట్టి పేరు బయటికొస్తే దానికి కుదిరిన ఎమ్మిగనూరు సంబంధం పోతుంది, నా ఉద్యోగం పోతుంది, ఇల్లే ఉండదన్నాడు. అదీ నిజమే కదా. లైను ఇంకా ఎక్స్‌ఛేంజి కిందే ఉండింది, మిల్లుకు మారలేదు అని చెప్పినాను."

అంబాబాయికి వెంటనే అర్థం కాలేదు. అర్థమైనాక కూడా, తప్పుగా విన్నానేమో అనుకుంది.

"ఆ రోజు బోర్డు ముందు ఎవరు కూర్చున్నారో నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చెప్తివా?"

"జయన్న ఎటూ నీ పేరే చెప్పినాడక్కా. నీ గొంతే అన్నాడు. నేను కొత్తగా నీ మీద వేసిందేముంది? నీది పాత సర్వీసు. సస్పెండు చేస్తారు, ఆర్నెల్లకు తీసుకుంటారు. పని ఒత్తిడిలో వినపడలేదంటే సరిపోతుంది. కిట్టికి ఇంకా జీవితముంది." అతను ఇటు తిరిగి ఒక్క అడుగు ముందుకేశాడు. "నువ్వు మా కోసం ఏం చేయలేదు చెప్పు? అన్నీ చేసినావు. ఇది ఒక్కటి."

అన్నీ చేసినావు అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. ఆ మాట ఎప్పుడైనా వాళ్ళ నోటి వెంట వినాలని అనుకుంది తను. ఇట్లా వినాల్సి వచ్చింది.

"అక్కా, నాకు తెలీదు" అని కృష్ణాబాయి ఆమె మోకాలు పట్టుకుంది. "అన్నయ్య ఈ మాట చెప్పినాడని నాకు తెలీదు. దేవుని మీద ఒట్టు."

అంబాబాయి ఆ చేతిని తీసేయలేదు. దగ్గరికి తీసుకోనూ లేదు.

అప్పుడే వీధి వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడు, ఆ వెంటనే గొళ్ళెం చప్పుడు. "టెలిఫోను అంబాబాయిగారి ఇల్లు ఇదేనా?"

మధుసూదనరావు వెనక్కి తగ్గి కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "అక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "నీ కాళ్ళు పట్టుకుంటాను. మారు మాట్లాడొద్దు. ఏమడిగినా నాకు గుర్తులేదను, చాలు."

ఆమె పోయి తలుపు తీసింది. అరుగు మీద హెడ్ కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. వయసు మళ్ళినవాడు, మర్యాదగానే నమస్కారం పెట్టాడు. అతని వెనక మెట్టు కింద జయన్న. అతని కాళ్ళకు ఇంకా చేని మన్ను ఉంది.

"చిన్న పనమ్మా. రేపు మిమ్మల్ని స్టేషన్‌కు పిలవాల. ఈలోగా ఈ మనిషి తాను విన్న గొంతు మీదేనని ఒకసారి ఎదురుగా చెప్పాల. మధ్యాహ్నం నుంచి అడుగుతాండాను, ఎదురుగానే చెప్తానంటాడు." అతను జయన్న వైపు తిరిగాడు. "ఊఁ, చెప్పప్పా. ఆ పొద్దు ఫోనులో పెట్టేయమని చెప్పింది ఈయమ్మేనా?"

జయన్న అంబాబాయి ముఖంలోకి చూశాడు. అలసందకాయలు చేతిలో పోసినప్పుడు చూసిన చూపు కాదది, గేటు దగ్గర చూసిన చూపూ కాదు. ఆమె నోరు తెరిచింది. ఏ మాట బయటికి రాబోతోందో ఆమెకే తెలియలేదు. వెనక నుంచి తమ్ముడి ఊపిరి వినిపిస్తోంది.

జయన్న ఆమెను దాటి, పడసాలలో లైటు కింద గోడకు ఒరిగి నిలబడిన కృష్ణాబాయిని చూశాడు. ఆమె పక్కనే కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిన మధుసూదనరావునూ చూశాడు.

"సారూ" అన్నాడు మెల్లగా. "లోపల నిలబడినాదే, ఆ పాపను ఒక్క మాట మాట్లాడమను."